ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్‌కు ముందు ఇంటి దగ్గర దొరికిన సమయంలో ఏమి సాధన చేయాలి?

ప్రశ్న: నింగిబాట, హనుమకొండ

అందరికీ నమస్కారం. నేను మహారాష్ట్రలోని ఒక శిక్షణ సంస్థలో వాణిజ్య పైలట్ లైసెన్సు కోసం చదువుతున్న విద్యార్థినిని. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రాత పరీక్షలు, క్రాస్ కంట్రీ గంటలు, సింగిల్ ఇంజిన్ మీద స్కిల్ టెస్టు పూర్తయ్యాయి. రెండు ఇంజిన్ల విమానం మీద ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్, అంటే బయటకు చూడకుండా పరికరాల మీదే నడపగలనని చూపే పరీక్ష, ఒక్కటే మిగిలింది. వానల వల్ల, విమానాల మరమ్మతుల వల్ల మా బ్యాచ్‌ను ఇళ్ళకు పంపించారు. దసరా తర్వాత తిరిగి వెళ్ళగానే కొద్దిపాటి రివిజన్ ఫ్లయింగ్ ఉంటుందని, ఆ వెంటనే చెక్ పెడతారని చెప్పారు. అంటే దసరా అయ్యేదాకా నా దగ్గర పుస్తకాలు, ఒక ల్యాప్‌టాప్ తప్ప మరేమీ ఉండవు.

నా ఇబ్బంది ఏమిటంటే, విడివిడిగా అడిగితే అన్ని పనులూ చేయగలుగుతున్నాను. బయట కనబడకుండా కళ్ళకు అడ్డుపెట్టే హుడ్ పెట్టుకొని తిన్నగా, ఒకే ఎత్తులో నడపమంటే నడుపుతాను, హోల్డింగ్‌లోకి, అంటే ఆకాశంలో ఒకే చోట చుట్లు తిరుగుతూ వేచి ఉండే దారిలోకి, చేరే ఎంట్రీని కాగితం మీద తప్పు లేకుండా గీస్తాను, ఐఎల్ఎస్ (రన్‌వే దాకా దిశ, వాలు చూపే రేడియో సంకేతాల వ్యవస్థ) చార్టును చూడకుండా చెప్పగలను. అయితే కంట్రోలర్ కొత్త హెడింగ్ (విమానం ముక్కు పట్టవలసిన దిశ) ఇచ్చి, అదే సమయంలో ఫ్రీక్వెన్సీ మార్చమని, మరో వైపు శిక్షకులు అప్రోచ్ (రన్‌వే వైపు దిగి రావడం) గురించి ముందుగా పలకవలసిన బ్రీఫింగ్ ఏదని అడిగితే, అవన్నీ ముగించుకొని చూసేసరికి ఎత్తు వంద అడుగులు దాటి జారిపోయి ఉంటుంది. హోల్డింగ్ దగ్గర ఎంట్రీ తేల్చుకునేలోపే ఫిక్స్ (హోల్డింగ్ మొదలయ్యే గుర్తింపు స్థానం) దాటిపోతున్నాము. పార్షల్ ప్యానెల్‌లో, అంటే కొన్ని పరికరాలు పనిచేయనప్పుడు, మాగ్నెటిక్ కంపాస్ చూసి ఎక్కడ మలుపు ఆపాలో అంచనా కుదరడం లేదు. అప్పుడప్పుడు విమానం ఎడమకు ఒరిగినట్టు శరీరం గట్టిగా చెబుతుంది, పరికరం మాత్రం సమంగా ఉందంటుంది.

ఇంటి దగ్గర చేయగలిగిన సాధన ఏది? ల్యాప్‌టాప్ సిమ్యులేటర్ వల్ల మేలు జరుగుతుందా, లేక చెడ్డ అలవాట్లు వస్తాయా? ఎగ్జామినర్ నిజంగా దేన్ని చూస్తారు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం: పాత శిక్షకుడు, సికింద్రాబాద్

అమ్మా, మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే మీ చేతిలో లోపం లేదు, పనిని ఏ సమయంలో చేయాలన్న క్రమంలో ఉంది. విడివిడిగా వచ్చిన పనులు ఒకేసారి మీద పడినప్పుడు ఎత్తు జారిపోతోందంటే, ముందే ముగించదగిన పనులను మీరు అప్రోచ్ మొదలయ్యే దాకా మోసుకొస్తున్నారన్న మాట. బేగంపేటలో నేను శిక్షణ ఇచ్చిన కాలంలో చెక్‌లో ఆగిపోయిన వారిలో ఎక్కువ మందికి సూదులను పట్టుకోవడం రాక కాదు, ఆ సూదులను చూడటానికి సమయం మిగుల్చుకోకపోవడం వల్లనే ఆగిపోయారని నా అభిప్రాయం.

కాబట్టి మొదటి సాధన కాగితంతో చేయండి. రన్‌వేకు ఇరవై మైళ్ళ దూరంలో ఉన్నప్పటి నుంచి డెసిషన్ ఆల్టిట్యూడ్ (దిగాలా, మళ్ళీ ఎక్కాలా అని తేల్చే ఎత్తు) దాకా ఒక పొడుగాటి గీత గీసి, వాతావరణం వినడం, ఫ్రీక్వెన్సీ పెట్టడం, నావిగేషన్ సాధనం పంపే మోర్స్ సంకేతం విని దాన్ని గుర్తించడం, ఇన్‌బౌండ్ కోర్సు తిప్పి ఉంచడం, కనిష్ఠ ఎత్తు పలకడం, మిస్డ్ అప్రోచ్‌లో (దిగకుండా తిరిగి ఎక్కడంలో) మొదటి రెండు పనులు చెప్పుకోవడం, ఇలా ప్రతి పనిని ఆ గీత మీద ఎక్కడ ముగించాలో గుర్తు పెట్టండి. వీటిలో ఏ ఒక్కటీ లోకలైజర్ (రన్‌వే మధ్యరేఖను చూపే ఐఎల్ఎస్ భాగం) సూది కదలడం మొదలైన తర్వాత మిగిలి ఉండకూడదు. ఆ తర్వాత మిగిలేది విమానాన్ని నడపడం, గేర్ (చక్రాలు) దించడం, కంట్రోలర్‌కు జవాబివ్వడం, అంతే. గీత సిద్ధమయ్యాక కుర్చీలో కూర్చొని, చార్టు ముందు పెట్టుకొని, గడియారం నడుస్తుండగా ప్రతి మాటనూ నోటితో పలుకుతూ, చేయి ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి పోనిస్తూ మొత్తం అప్రోచ్‌ను ‘ఎగరండి’. మనసులో అనుకుంటే సరిపోదు, పైకి పలకాలి, ఎందుకంటే మనసులో అనుకున్నప్పుడు మనకు తెలియకుండానే కష్టమైన చోట్లను దాటవేస్తాము.

రెండవది, మీ విమానానికి మీరే ఒక చిన్న పట్టిక రాసుకోవాలి. ఏ వేగానికి, గేర్, ఫ్లాప్‌ల ఏ స్థితికి, ఎంత పవర్, ముక్కు ఎంత ఎత్తులో ఉండాలి అన్న లెక్క. మీరు గతంలో ఎగిరిన పాఠాల నోట్సు చూసి దాన్ని పూరించండి, ఖాళీలు ఉంటే తిరిగి వెళ్ళిన మొదటి రోజున పూరించండి. చాలా తేలికపాటి రెండింజిన్ల విమానాల్లో గ్లైడ్ స్లోప్‌ను (ఐఎల్ఎస్ చూపే దిగే వాలును) అందుకునే చోట గేర్ దించితే, పవర్‌ను పెద్దగా కదపకుండానే విమానం ఇంచుమించు కావలసిన రేటులో దిగడం మొదలు పెడుతుంది. ఆ రేటు ఎంత ఉండాలో నోటిలెక్కగా రావాలి. గ్రౌండ్ స్పీడ్‌ను అయిదుతో హెచ్చిస్తే మూడు డిగ్రీల వాలుకు సరిపడే అడుగుల లెక్క వస్తుంది, అంటే 90 నాట్లకు నిమిషానికి 450 అడుగులు, 100 నాట్లకు 500 అడుగులు. ఈ సంఖ్యలు తెలిసిన వారు సూదిని వెంటాడరు. పవర్, ముక్కు స్థితి పెట్టి, సూది వాటిని ఒప్పుకుందా లేదా అని మాత్రమే చూస్తారు.

లోకలైజర్ విషయంలో ఒక్క సంగతి గుర్తుంచుకోండి. విఓఆర్‌లో (దిశ చూపే మరో రేడియో సాధనంలో) సూది అంచుకు చేరాలంటే పది డిగ్రీలు పక్కకు పోవాలి, లోకలైజర్‌లో రెండున్నర డిగ్రీలకే అంచుకు చేరుతుంది, పైగా రన్‌వే ముఖానికి వచ్చేసరికి ఆ అంచు మధ్యరేఖకు సుమారు 105 మీటర్ల దూరంలోనే ఉంటుంది. విఓఆర్ మీద అలవాటైన పది డిగ్రీల సవరింపును ఇక్కడ చేస్తే సూది ఒక పక్క నుంచి మరో పక్కకు ఊగుతూనే ఉంటుంది. అయిదు డిగ్రీలు, చివరి రెండు మైళ్ళలో రెండు డిగ్రీలు, అంతకు మించవద్దు.

శరీరం ఒరిగినట్టు చెప్పడం గురించి దిగులు వద్దు, అది ఆరోగ్యవంతుల చెవి లక్షణమే. విమానం చాలా నెమ్మదిగా ఒరిగితే లోపలి చెవిలోని ద్రవం దాన్ని గుర్తించదు, మీరు దాన్ని సరిచేసిన కదలికను మాత్రం గుర్తించి వ్యతిరేక దిశలో ఒరిగామని చెబుతుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాల మీద శిక్షణ లేని 20 మందిని బయట ఏమీ కనబడని స్థితిలో నడపమంటే అందరూ అదుపు కోల్పోయారు, సగటున 178 సెకన్లలో. తల తిప్పి కింద పడిన పెన్సిల్ వెదకడం, మోకాలి మీది కాగితాన్ని వంగి చూడటం ఈ భ్రమను పెంచుతాయి. చార్టును పరికరాల ఎత్తుకు దగ్గరగా పెట్టుకునే అలవాటును ఇంటి దగ్గరే చేసుకోండి.

ఎగ్జామినర్ దేన్ని చూస్తారని అడిగారు. ఎత్తు ఒక క్షణం జారిందా అని కంటే, జారిన సంగతి మీరు ముందు కనిపెట్టారా, ఎవరైనా చెబితే కనిపెట్టారా అని చూస్తారు. కానీ కొన్నింటికి క్షమాపణ ఉండదు. రన్‌వే గాని, దాని దీపాలు గాని కనబడకుండా కనిష్ఠ ఎత్తు కిందికి దిగడం, సూది పూర్తిగా అంచుకు పోయినా అప్రోచ్ కొనసాగించడం, మోర్స్ సంకేతం వినకుండా ఒక నావిగేషన్ సాధనాన్ని నమ్మడం, ఇవి చేస్తే మిగతాది ఎంత చక్కగా ఎగిరినా ఫలితం మారదు.

సమాధానం: కరీంనగర్ కోపైలట్

పై పెద్దలు చెప్పిన దానిలో నాకు తేడా ఏమీ లేదు. హోల్డింగ్ గురించి మాత్రం కొంత చేర్చుతాను, ఎందుకంటే కాగితం మీద వచ్చింది కాక్‌పిట్‌లో రాకపోవడానికి కారణం స్పష్టంగా ఉంది. కాగితం మీద ఉత్తరం ఎప్పుడూ పైనే ఉంటుంది, కాక్‌పిట్‌లో పైన ఉండేది మీ హెడింగ్. కాబట్టి కాగితం పక్కన పెట్టి, ఇంటి డాబా మీద ముగ్గుపిండితో హోల్డింగ్ నమూనాను పెద్దగా గీసి, ఫిక్స్ దగ్గర ఒక ఇటుక పెట్టి, వేర్వేరు దిక్కుల నుంచి దాని వైపు నడవండి. చేతిలో ఫోన్ కంపాస్ ఉంటే చాలు. ఇంట్లో వారు కాసేపు వింతగా చూస్తారు, దానికేమీ నష్టం లేదు.

ఫిక్స్ వైపు వచ్చే దారి ఇన్‌బౌండ్, దాని నుంచి పోయేది అవుట్‌బౌండ్. ఎంట్రీలు మూడు: ఫిక్స్ దాటి అవుట్‌బౌండ్‌కు కొంత పక్కగా పోయి తిరిగి రావడం టియర్‌డ్రాప్, ఇన్‌బౌండ్ గీతకు సమాంతరంగా పోయి తిరిగి రావడం పారలల్, నేరుగా చుట్టులోకి తిరగడం డైరెక్ట్. నడిచేటప్పుడు ఒక్క నియమమే వాడండి. కుడి మలుపుల హోల్డింగ్ అయితే, అవుట్‌బౌండ్ దిశ మీ ముక్కుకు కుడి వైపు 70 డిగ్రీలలోపు ఉంటే టియర్‌డ్రాప్, ఎడమ వైపు 110 డిగ్రీలలోపు ఉంటే పారలల్, వెనుక పడితే డైరెక్ట్. ఉదాహరణకు ఇన్‌బౌండ్ 090 అయితే అవుట్‌బౌండ్ 270. మీరు 300 మీద వస్తుంటే 270 అనేది మీకు ఎడమ పక్క 30 డిగ్రీలలో ఉంది, అది పారలల్. మీరు 240 మీద వస్తుంటే అదే 270 కుడి పక్క 30 డిగ్రీలలో ఉంది, అది టియర్‌డ్రాప్, పైగా టియర్‌డ్రాప్‌లో పట్టవలసిన హెడింగ్ కూడా 240 కాబట్టి అసలు తిరగవలసిన పనే లేదు. ఎడమ మలుపుల హోల్డింగ్‌కు వైపులు తారుమారవుతాయి. హద్దు దగ్గర అటూ ఇటూ అయిదు డిగ్రీల వెసులుబాటు ఉంటుంది, కనుక 69 డిగ్రీలా 71 డిగ్రీలా అని ఆలోచిస్తూ ఫిక్స్ దాటిపోవద్దు. కంట్రోలర్ నుంచి హోల్డింగ్ క్లియరెన్స్ (అనుమతి) అందిన నిమిషంలోనే ఎంట్రీ తేల్చుకొని, శిక్షకులకు వినబడేటట్టు పలికేయండి.

గాలి సవరింపును చాలామంది సగంలో వదిలేస్తారు. ఇన్‌బౌండ్‌లో సూదిని నిలపడానికి గాలి వైపు అయిదు డిగ్రీల డ్రిఫ్ట్ సవరింపు పట్టవలసి వస్తే, అవుట్‌బౌండ్‌లో దానికి మూడింతలు, అంటే పదిహేను డిగ్రీలు, ఎదురు వైపు పట్టాలి, ఎందుకంటే రెండు మలుపుల్లోనూ గాలి మిమ్మల్ని తోసుకుపోతుంది, అక్కడ సవరించే వీలు లేదు. 14,000 అడుగుల వరకు అవుట్‌బౌండ్ ఒక నిమిషం. ఆ లెక్క ఫిక్స్ మీదికి గాని, దానికి పక్కగా గాని వచ్చినప్పుడు, ఏది తర్వాత జరిగితే అప్పటి నుంచి మొదలవుతుంది; పక్కగా వచ్చిన చోటు తెలియకపోతే అవుట్‌బౌండ్ మలుపు ముగిసినప్పటి నుంచి.

ల్యాప్‌టాప్ సిమ్యులేటర్ విషయంలో నా అభిప్రాయం అనుకూలమే, కానీ ఒక షరతుతో. దాని మీద విమానం నడపడం నేర్చుకోవాలనుకోవద్దు, జాయ్‌స్టిక్ బరువు మీ విమానం కంట్రోల్స్ బరువు ఒకటి కావు. ఆటోపైలట్‌కు అప్పగించి, ప్రొసీజర్‌ను మాత్రం మీరు నడిపించండి. రేటింగ్‌కు కావలసిన 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ సమయంలో దీన్ని లెక్కించరు, డీజీసీఏ ఆమోదించిన సిమ్యులేటర్ గంటలు కూడా 20 వరకే చెల్లుతాయి. ఒక సంగతి మాత్రం చెప్పాలి, బయటి దృశ్యాన్ని పూర్తిగా మేఘంలో పెట్టండి. శంషాబాద్ రన్‌వే అందంగా కనబడుతుంటే ఎవరి కళ్ళైనా అటే పోతాయి.

సమాధానం: నిజామాబాద్ నుంచి

నేను అమెరికాలోని అరిజోనాలో శిక్షణ పొంది, తర్వాత లైసెన్సును ఇక్కడికి మార్పించుకున్న వాడిని. మీ ప్రశ్నలో కంపాస్ మలుపుల మాట ఉంది కనుక ఆ ఒక్క దానికే జవాబిస్తాను. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలలో చాలా వరకు అమెరికా అక్షాంశాలకు తయారైనవి, అందులోని ఉదాహరణ సంఖ్యలను ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు వాడితే మలుపు తప్పు చోట ఆగుతుంది. ఉత్తరం వైపు తిరిగేటప్పుడు కంపాస్ వెనకబడుతుంది, దక్షిణం వైపు తిరిగేటప్పుడు ముందుకు పోతుంది, ఆ తేడా సుమారుగా మనం ఉన్న అక్షాంశానికి సమానం. ఫీనిక్స్ దగ్గర అది 33, హనుమకొండ దగ్గర దాదాపు 18. పదహారు డిగ్రీల వాలుతో తిరుగుతున్నారనుకుంటే దానిలో సగం, అంటే ఎనిమిది, రెక్కలు సమం చేయడానికి పడుతుంది. కనుక ఇక్కడ ఉత్తరానికి తిరిగేటప్పుడు కంపాస్ 26 డిగ్రీల ముందున్నప్పుడే మలుపు ఆపడం మొదలు పెట్టాలి, దక్షిణానికైతే పది డిగ్రీలు దాటనిచ్చి ఆపాలి. తూర్పు, పడమరలకు ఈ దోషం ఉండదు, ఆ ఎనిమిది చాలు.

నా మటుకు నాకు టైమ్డ్ టర్న్ (గడియారం చూసి మలుపు ఆపడం) మీదే నమ్మకం ఎక్కువ. సెకనుకు మూడు డిగ్రీల ప్రామాణిక మలుపులో 90 డిగ్రీలకు 30 సెకన్లు, 20 డిగ్రీలకు ఏడు సెకన్లు. కంపాస్ స్థిమితపడిన తర్వాత మిగిలిన తేడాను సరిచేసుకోవచ్చు. మీ విమానంలో గాజు తెరల ప్యానెల్ ఉంటే, ‘పార్షల్ ప్యానెల్’ అంటే ఎగ్జామినర్ ఏమి ఆపుతారో ముందే శిక్షకులను అడిగి తెలుసుకోండి. తెర ఆరిపోతే సమాచారం రెండవ తెర మీదికి వస్తుంది, దాని వెనకనున్న సెన్సార్ చెడిపోతే రాదు. ఈ రెండింటికీ చేయవలసింది వేరు.

అమెరికా చెక్ ప్రమాణాలు తెలిస్తే ఇంటి సాధనకు ఒక కొలబద్దగా పనికొస్తాయి. ఎత్తులో వంద అడుగులు, హెడింగ్‌లో పది డిగ్రీలు, వేగంలో పది నాట్లు, ఫైనల్ అప్రోచ్‌లో సూది ముప్పావు వంతు లోపల. మీరు మాత్రం దీనికి సగమే పెట్టుకొని సాధన చేయండి, చెక్ రోజున గాబరా కొంత తినేస్తుంది.

సమాధానం: కంట్రోల్ గది నుంచి

నేను ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌ను, సొంతూరు జనగామ. రేడియో గొంతు మీ మీద భారం కాకూడదని మేము కూడా కోరుకుంటాము, కానీ మీరు చెప్పకపోతే మీ కాక్‌పిట్‌లో ఏమి జరుగుతోందో మాకు తెలియదు. హెడింగ్, ఎత్తు, ఫ్రీక్వెన్సీ ఒకేసారి ఇచ్చినప్పుడు ముందు రాసుకోండి, తర్వాత హెడింగ్ వైపు మలుపు మొదలు పెట్టండి, ఆ తర్వాత తిరిగి చదివి వినిపించండి. మలుపు మొదలయ్యాక మాట్లాడటానికి మీకు కొంత వెసులుబాటు ఉంటుంది. ‘స్టాండ్ బై’ అనడం బలహీనత కాదు, హోల్డింగ్ పొడిగించమని అడగడం కూడా కాదు. చెక్ రోజున ఆ మాట అన్న విద్యార్థిని ఎగ్జామినర్ మెచ్చుకోవడం నేను హెడ్‌ఫోన్‌లో విన్నాను.

ఇంటి దగ్గర సాధనకు మీ తమ్ముడినో, అన్ననో పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక కాగితం మీద పది పన్నెండు క్లియరెన్సులు రాసిచ్చి, మీరు కుర్చీలో అప్రోచ్ ఎగురుతుండగా వారికి తోచినప్పుడు చదవమనండి, ముఖ్యంగా మీరు లెక్క వేస్తున్న క్షణంలో. వారికి అర్థం కానవసరం లేదు. రేడియో పనిచేయని సందర్భం గురించి మౌఖికంగా అడగడం మామూలే. రేడియో చెడిందని తెలిపే ట్రాన్స్‌పాండర్ కోడ్ 7600 అనడంతో ఆగిపోవద్దు. ఆఖరుగా అందిన, మీరు ఒప్పుకున్న అప్రోచ్ సమయానికి వీలైనంత దగ్గరగా, అది లేకపోతే ఫ్లయిట్ ప్లాన్ ప్రకారం చేరవలసిన సమయానికి, దిగడం ఎందుకు మొదలు పెట్టాలో చెప్పగలగాలి. ఆ సమయానికి మీ కింది ఆకాశాన్ని మేము ఖాళీగా ఉంచుతామన్నదే దాని వెనుక లెక్క.

 

నింగిబాట, హనుమకొండ

అందరికీ కృతజ్ఞతలు. డాబా మీద ముగ్గు గీసి నడిచాను. ఎడమ వైపు, కుడి వైపు అన్న మాట కాళ్ళకు తెలిసిన తర్వాత ఎంట్రీ తేలడానికి ఆలోచన పెద్దగా పట్టడం లేదు. మా తమ్ముడు క్లియరెన్సులు చదవడాన్ని నేను ఊహించిన దానికంటే ఎక్కువ ఇష్టపడుతున్నాడు, కావాలనే గ్లైడ్ స్లోప్ దగ్గర ఫ్రీక్వెన్సీ మార్చమంటున్నాడు. ఒక్క సందేహం మిగిలింది. ఐఎల్ఎస్ మీద ఉండగా ఎగ్జామినర్ ఒక ఇంజిన్‌ను తగ్గిస్తే, ముందు సూదిని చూడాలా, ఇంజిన్‌ను చూడాలా?

సమాధానం: పాత శిక్షకుడు, సికింద్రాబాద్

రెండూ కాదమ్మా, ముందు ముక్కు దిశను చూడాలి. రడ్డర్‌తో హెడింగ్‌ను ఆపితే లోకలైజర్ దానంతటదే దగ్గరలో ఉంటుంది. గ్లైడ్ స్లోప్ మీద దిగుతున్నప్పుడు పవర్ తక్కువే వాడతారు కాబట్టి ఆ క్షణంలో పక్కకు లాగే బలం టేకాఫ్‌లో ఉన్నంత ఉండదు, అందుకే చాలామందికి ఇంజిన్ తగ్గిన సంగతి వేగం పడిపోయిన తర్వాత గాని తెలియదు. ఖాళీగా ఉన్న కాలు వైపు ఇంజిన్ పోయిందని గుర్తించి, ఆ వైపు థ్రాటిల్‌ను నెమ్మదిగా వెనక్కి లాగి నిర్ధారించుకొని, అప్పుడు చెక్‌లిస్టుకు వెళ్ళండి. చెక్‌లో దాన్ని నిజంగా ఆపరు, జీరో థ్రస్ట్ (ముందుకు లాగకుండా, వెనక్కి ఆపకుండా ఉండేంత పవర్) పెడతారు, కానీ మీరు తాకి చూపవలసిన లీవర్లన్నీ నోటితో చెప్పాలి. ఆ తర్వాత మంచి ఇంజిన్ థ్రాటిల్‌ను కదిపిన ప్రతిసారీ రడ్డర్ కూడా కదలాలి. ఇది ఇంటి దగ్గర కుర్చీలో కూడా సాధన చేయదగినదే, చేయి ముందుకు పోయినప్పుడు కాలు కూడా పోవాలి.

మిస్డ్ అప్రోచ్ నిర్ణయం మాత్రం ముందుగానే ఉండాలి. శంషాబాద్ రెండు వేల అడుగులకు పైగా ఎత్తులో ఉంది. మధ్యాహ్నం 35 డిగ్రీల ఎండలో అక్కడి గాలి విమానానికి దాదాపు 4,900 అడుగుల ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది, ఒక ఇంజిన్ మీద ఎక్కే రేటు మీ మాన్యువల్ మొదటి పేజీలో రాసినంత ఉండదు. మాన్యువల్‌లోని పట్టికలో ఆ ఉష్ణోగ్రతకు, మీ బరువుకు ఎంత వస్తుందో లెక్క వేసి, నీలి గీత వేగంతో (ఒక ఇంజిన్ మీద బాగా ఎక్కే వేగంతో) పాటు ఆ సంఖ్యను కూడా బ్రీఫింగ్‌లో పలకండి. మా రోజుల్లో ఎగ్జామినర్లు ఆ సంఖ్యను తప్పక అడిగేవారు.